స్కేట్లు మార్చాక మౌస్ సెన్సార్‌ను మళ్లీ దారికి తేవడం: ప్రాజెక్టు డైరీ

రోజు 1: ఏదీ పీకకముందు

పని చిన్నదే. మౌస్ అడుగున ఉండే స్కేట్లు, అంటే అది ప్యాడ్ మీద జారడానికి అంటించే నున్నటి ముక్కలు, అరిగిపోయాయి, కొత్తవి వేయాలి. అయితే ఈ పని చేసిన చాలామంది ఆ సాయంత్రానికే డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే ఎన్ని కౌంట్లు పంపాలో చెప్పే సెట్టింగ్) మార్చడం మొదలుపెడతారు. రెండు రోజుల్లో మళ్లీ మారుస్తారు. నాలుగో రోజుకి మౌస్ పాత లెక్కన ఎలా నడిచేదో గుర్తుండదు. అందుకే ఈసారి ఏదీ ముట్టుకోకముందే పాత పరిస్థితిని అంకెల్లో రాసి పెట్టుకున్నాం.

మౌస్‌లో ఉన్నది పిక్స్‌ఆర్ట్ పీఎండబ్ల్యూ3360 సెన్సార్. ఇదొక చిన్న కెమెరా. దీపం వెలుగులో ప్యాడ్ నేతను వరసగా ఫొటోలు తీసి, ఒక ఫొటోకీ తర్వాతి ఫొటోకీ మధ్య గుర్తులు ఎంత జరిగాయో లెక్కేసి, ఆ జరుగుడును కౌంట్లుగా కంప్యూటర్‌కి పంపుతుంది. కెమెరా అన్నాక దూరం ముఖ్యం. ఈ సెన్సార్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ప్రకారం లెన్స్ ఆధార తలం నుంచి ప్యాడ్ పైభాగం దాకా 2.4 మి.మీ. ఉండాలి. తక్కువలో తక్కువ 2.2, ఎక్కువలో ఎక్కువ 2.6. అంటే అటూ ఇటూ 0.2 మి.మీ. సందు మాత్రమే. మరి ఆ దూరాన్ని నిలబెడుతున్నది ఏది? స్కేట్ల మందం. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా కనిపించదు గానీ, సెన్సార్‌కి సంబంధించిన మొదటి సెట్టింగ్ అదే.

ముందుగా సాఫ్ట్‌వేర్ తెరిచి ఉన్నవన్నీ రాసుకున్నాం: డీపీఐ 800, పోలింగ్ (కంప్యూటర్‌కి కబురు పంపే రేటు) 1000 హెర్ట్జ్, అంటే సెకనుకు వెయ్యి సార్లు, లిఫ్ట్ ఆఫ్ దూరం 2 మి.మీ., యాంగిల్ స్నాపింగ్ ఆఫ్, రిపుల్ కంట్రోల్ ఆఫ్. విండోస్‌లో పాయింటర్ వేగం మధ్య గీత మీద, అంటే పదకొండింటిలో ఆరోది. ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ (చేతి వేగాన్ని బట్టి కర్సర్ దూరాన్ని మార్చే సెట్టింగ్) ఆఫ్.

తర్వాత అసలు డీపీఐ ఎంతో కొలిచాం. సెట్టింగ్‌లో 800 అని కనిపించినంత మాత్రాన మౌస్ అంగుళానికి 800 కౌంట్లే ఇస్తోందని కాదు. కొలిచే పద్ధతి ఇది. ప్యాడ్ మీద రెండు బరువైన పుస్తకాలను ఎదురెదురుగా పెట్టి, వాటి మధ్య ఖాళీ మౌస్ పొడవు కంటే సరిగ్గా 200 మి.మీ. ఎక్కువ ఉండేలా చూడాలి. మా మౌస్ పొడవు 124 మి.మీ., కాబట్టి ఖాళీ 324 మి.మీ. పక్కన ఒక స్టీలు స్కేలును దిమ్మెలా నిలబెట్టి, దాన్ని ఒరుసుకుంటూ మౌస్‌ను ఒక పుస్తకం నుంచి రెండో పుస్తకానికి తాకించాలి. ఒక్కో తోపుకు రెండు సెకన్లు. గట్టిగా గుద్దితే పుస్తకమే జరుగుతుంది, తాకితే చాలు. కౌంట్లు చదవడానికి మౌస్‌టెస్టర్ వాడాం. అది విండోస్ పాయింటర్ వేగంతో సంబంధం లేకుండా మౌస్ పంపిన ముడి అంకెలనే చూపిస్తుంది.

200 మి.మీ. అంటే 7.874 అంగుళాలు. 800 డీపీఐ నిక్కచ్చిగా ఉంటే 6299 కౌంట్లు రావాలి. పదకొండు తోపులు తోసి, మొదటిది వదిలేసి, మిగతా పదింటి సగటు తీస్తే:

నిలువుగా (ముందుకీ వెనక్కీ) 6388, అంటే 811 డీపీఐ.
అడ్డంగా 6420, అంటే 815 డీపీఐ.

అడ్డంగా కొలిచేటప్పుడు లెక్కలోకి వచ్చేది మౌస్ పొడవు కాదు, వెడల్పు. పుస్తకాల మధ్య ఖాళీని ఆ మేరకు మార్చడం మరిచిపోతే ఒక పూట వృథా.

రోజు 1, సాయంత్రం: లిఫ్ట్ ఆఫ్ దూరం

మౌస్‌ను పైకి ఎత్తినప్పుడు ఎంత ఎత్తు దాటాక కర్సర్ ఆగిపోతుందో అదే లిఫ్ట్ ఆఫ్ దూరం. దీన్ని సీడీలతో కొలవడం పాత అలవాటు. సీడీ మందం 1.2 మి.మీ. కాబట్టి ఒకటి పెడితే కదిలి, రెండు పెడితే ఆగితే దూరం ఈ రెంటి మధ్య ఉన్నట్టు. 0.3 మి.మీ. తేడాను పట్టుకోవడానికి ఆ కొలత మరీ మొరటు. కాగితాలు మేలు. మామూలు 80 జీఎస్‌ఎం ఏ4 కాగితాలు పది కలిపి కాలిపర్‌తో (మందం కొలిచే పనిముట్టు) కొలిస్తే 1.03 మి.మీ. వచ్చింది.

కాగితాలను రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, రెండు దొంతర్లు చేసి, రైలు పట్టాల్లా ప్యాడ్ మీద సమాంతరంగా పరిచాం. మౌస్ ఎడమ, కుడి అంచులు ఆ పట్టాల మీద ఉంటాయి. మధ్యలో సెన్సార్ కన్ను కింద మాత్రం ఖాళీగా ప్యాడే కనబడాలి. ఇక్కడ పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది. కాగితం కన్ను కిందికి జరిగితే సెన్సార్ ఆ కాగితాన్నే చూసి హాయిగా పనిచేస్తుంది, మనమేమో లిఫ్ట్ ఆఫ్ బాగా ఎక్కువ అనుకుంటాం. ఒక్కో కాగితం పెంచుతూ పట్టాల మీద మౌస్‌ను నెమ్మదిగా జరిపితే 19వ కాగితం దగ్గర కర్సర్ పూర్తిగా నిలిచిపోయింది. అంటే దాదాపు 1.96 మి.మీ. సాఫ్ట్‌వేర్‌లోని 2 మి.మీ.కి దగ్గరే.

రోజు 2: పీకడం, తుడవడం

సామాను: హెయిర్ డ్రయ్యర్, పలుచటి ప్లాస్టిక్ పిక్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, పీచు రాలని గుడ్డ, కాలిపర్, ఒక అద్దం ముక్క, కొత్త స్కేట్లు రెండు సెట్లు. రెండో సెట్టు ఎందుకో కింద తెలుస్తుంది.

డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద ఒక్కో స్కేటుకు ఇరవై సెకన్లు చూపిస్తే జిగురు మెత్తబడుతుంది. వేడి సెన్సార్ కన్ను మీదికి పోకుండా దానికి ముందే టేపు ముక్క అంటించాలి. టేపు వెడల్పు కన్ను గుంట కంటే ఎక్కువ ఉండాలి. అప్పుడే దాని జిగురు లెన్స్‌కు తగలదు. పిక్‌ను మూల దగ్గర దూర్చి, అడ్డంగా తిప్పుతూ లేపాలి. లోహపు కత్తి వాడితే స్కేటు కూర్చునే గుంట అంచు లేస్తుంది. ఆ గీతే రేపు కొత్త స్కేటు కింద మిట్టగా నిలబడుతుంది.

పాత స్కేట్ల మందం: ముందువి 0.46, వెనకవి 0.52 మి.మీ. కొత్తగా ఉన్నప్పుడు ఇవి 0.60. వేళ్ల బరువు ముందు పడుతుంది కాబట్టి ముందువే ఎక్కువ అరిగాయి. గుంట లోతు 0.30. అంటే బయటికి పొడుచుకుని ఉన్నది ముందు 0.16, వెనక 0.22 మాత్రమే. సెన్సార్ రెంటికీ నడుమ ఉంది, కాబట్టి దాని దగ్గర 0.19 అనుకోవచ్చు. కొత్తవి నాలుగూ 0.80. జిగురు పొరతో కలిపే ఈ లెక్క. కొన్ని పాకెట్ల మీద రాసే మందంలో జిగురు కలిసి ఉండదు. రాసినది నమ్మకుండా పొరతో సహా కొలుచుకోవడమే మంచిది. 0.80 లోంచి గుంట 0.30 పోతే బయట నిలిచేది 0.50.

లెక్క చూడండి. అసలు తయారీలో 0.60 మి.మీ. స్కేట్లకు 0.30 పొడుచుకుని ఉండేది. డిజైన్ చేసినవారు 2.4 మి.మీ.ను ఆ ఎత్తుకే కుదిర్చి ఉంటారు. అరిగినప్పుడు అది సుమారు 2.29కి దిగింది. 0.80 వేస్తే 2.60, డేటాషీట్ ఒప్పుకునే ఆఖరి గీత. గుడ్డ ప్యాడ్ కాస్త దిగుతుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే ఉంటుంది, నడుస్తుంది. కానీ కొందరు పాత స్కేటు పీకకుండా దాని మీదే కొత్తది అంటిస్తారు. ఈ మౌస్‌లో అలా చేస్తే 2.6 దాటి 3 మి.మీ. పైకి పోతుంది. ఆ తర్వాత ఏ సెట్టింగ్ మార్చినా దండగే.

తుడవడం మీద ఓపిక పట్టాలి. పాత జిగురును ముందు వేలితో ఉండలుగా చుట్టి తీసి, మిగిలినదాన్ని ఆల్కహాల్‌లో ముంచి పిండిన దూది పుల్లతో తీయాలి. సీసా వంచి పోయకూడదు. స్క్రూ రంధ్రాలగుండా లోపలికి పోతుంది, లెన్స్ మీద మరకలు ఆరిపోతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి అసలు పోవద్దు. చాలావాటిలో ఉండే అసిటోన్ మౌస్ ఒంటి ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, గుంట అడుగు జిగటగా మారి ఎగుడుదిగుడవుతుంది.

ఆల్కహాల్ ఆరడానికి పది నిమిషాలు వదిలాం. తర్వాత గుంటలో ఒక మూల ఆనించి, రెండో వైపు నెమ్మదిగా పడుకోబెడుతూ అంటించాం. ఒక్కో స్కేటును ముప్ఫై సెకన్లు బొటనవేలితో నొక్కాం. సెన్సార్ చుట్టూ గుండ్రంగా ఉండే రింగు స్కేటును ఆఖర్న పెట్టాం. దాని లోపలి అంచు కన్ను రంధ్రంలోకి ఇసుమంతైనా రాకూడదు. వస్తే దీపం వెలుగు దాని మీద పడి తిరిగి వస్తుంది, లిఫ్ట్ ఆఫ్ లెక్కలన్నీ తప్పుతాయి.

జిగురు పట్టడానికి రాత్రంతా వదిలేశాం. కొలతలు రేపు.

రోజు 3: క్లిక్ చేస్తే కర్సర్ కదులుతోంది

పొద్దున మొదటి పరీక్షలోనే తేడా కనబడింది. కర్సర్‌ను ఒకచోట నిలిపి ఎడమ బటన్ నొక్కితే అది కాస్త జరుగుతోంది. 3200 డీపీఐ పెట్టి ఇరవై క్లిక్కులు చేసి ముడి అంకెలు చూస్తే, ఒక్కో క్లిక్కుకు 6 నుంచి 8 కౌంట్లు. కుడి బటన్‌కి ఒకటీ అరా.

ఇలాంటప్పుడు చాలామంది సెన్సార్‌ను తిడతారు. రిపుల్ కంట్రోల్ ఆన్ చేస్తారు, లేదా లిఫ్ట్ ఆఫ్ దూరం మారుస్తారు. రిపుల్ కంట్రోల్ చేసేది కదలికను సాఫీ చేయడం. వణుకు కొంత దాక్కుంటుంది గానీ దానికి ఖరీదుగా కదలిక ఆలస్యమవుతుంది. జబ్బు అక్కడ లేదు. మౌస్‌ను అద్దం మీద పెట్టి ఎదురెదురు మూలలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే ‘టిక్’ మని చిన్న చప్పుడు. నాలుగు కాళ్ల కుర్చీలో ఒక కాలు పొట్టిదైతే వచ్చే ఊగుడే ఇది. క్లిక్ చేసినప్పుడు మౌస్ ఒరుగుతోంది, దాంతో కన్ను కింద ప్యాడ్ జరిగినట్టు సెన్సార్‌కి కనబడుతోంది. సెన్సార్ అబద్ధం చెప్పడం లేదు, మౌస్ నిజంగానే కదిలింది.

వెనక ఎడమ స్కేటు పీకి చూస్తే గుంట మూలలో ఆవగింజలో సగమంత పాత జిగురు. దూది పుల్ల మూలలోకి సరిగా పోలేదు. ఇక్కడే రెండో సెట్టు అక్కరకొచ్చింది. స్కేట్లు చేసే పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) మెత్తటి పదార్థం. పీకేటప్పుడు మడత పడితే ఆ మడత పోదు, జిగురు పొర కూడా సగం గుంటలోనే ఉండిపోతుంది. తిరిగి అంటించినా చదునుగా కూర్చోదు. టూత్‌పిక్ కొనకు గుడ్డ చుట్టి మూలలు శుభ్రం చేసి, కొత్తది వేశాం. మళ్లీ ఇరవై క్లిక్కులు: 0 లేదా 1 కౌంట్. అద్దం మీద చప్పుడు లేదు.

ఊగుడు పోయేదాకా ఇంకే కొలతా తీయలేదు. ఊగే మౌస్‌తో తీసిన డీపీఐ అంకెకు విలువ లేదు.

రోజు 4: అదే కొలత, మళ్లీ

అవే పుస్తకాలు, అదే ప్యాడ్, అదే 324 మి.మీ. ఖాళీ. డీపీఐ 800 మీదే ఉంచాం.

నిలువుగా 6180, అంటే 785 డీపీఐ.
అడ్డంగా 6210, అంటే 789 డీపీఐ.

దాదాపు 3.3 శాతం పడిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఏదీ మారలేదు, ఇప్పటికీ 800 అనే చూపిస్తోంది. కారణం కెమెరాలోనే ఉంది. కన్ను 0.31 మి.మీ. పైకి లేచింది. దూరం నుంచి చూస్తే వస్తువు చిన్నగా కనిపిస్తుంది. ప్యాడ్ నేత ఒక మిల్లీమీటరు జరిగితే సెన్సార్ ముఖం మీద ఆ బొమ్మ ఇదివరకటి కంటే తక్కువ జరుగుతుంది. తక్కువ జరిగితే తక్కువ కౌంట్లు. పలుచని స్కేట్లు వేస్తే ఇదే తిరగబడి డీపీఐ పెరుగుతుంది. అరిగే కొద్దీ కూడా పెరుగుతూనే వచ్చింది. నెలల తరబడి వాడేసరికి చేతికి తెలియకుండానే అలవాటైపోయి ఉంటుంది.

ఇందులో ఒక వింత ఉంది. అంకెల ప్రకారం మౌస్ నెమ్మదించింది. చేతికి మాత్రం వేగం పెరిగినట్టు తోస్తుంది. కొత్త స్కేట్లకు కదలడం మొదలుపెట్టేటప్పటి పట్టు తక్కువ. అదే తోపుకు చెయ్యి ఇంకాస్త దూరం పోతుంది, గురి దాటిపోతుంది. అది చూసి డీపీఐ తగ్గిస్తే, ఇప్పటికే 3.3 శాతం తగ్గినదాన్ని ఇంకా తగ్గించినట్టు. వారం తర్వాత స్కేట్ల అంచులు అరిగి నున్నబడి, చేయి కొత్త జారుడుకు అలవాటు పడ్డాక, ‘మౌస్ బరువుగా ఉందేమిటి’ అని మళ్లీ పెంచుతారు. చేయి చెప్పే మాట మొదటి మూడు రోజులు నమ్మకూడదు. స్కేలు చెప్పేది నమ్మాలి.

రోజు 4, మధ్యాహ్నం: 3.3 శాతాన్ని ఎక్కడ సర్దాలి

డీపీఐని 800 నుంచి 826కి పెంచితే సరిపోతుంది. కానీ ఈ సెన్సార్ ఆ అంకెను ఒప్పుకోదు. పీఎండబ్ల్యూ3360లో మెట్టు 100. 800 తర్వాత 900. అది 12.5 శాతం, మనకు కావాల్సినదానికి నాలుగింతలు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో స్లైడర్ 50 చొప్పున జరిగినట్టు కనిపిస్తుంది గానీ, 3360 మీద ఆ నడిమి అంకెను సెన్సార్ చేయదు. ఫర్మ్‌వేర్ (మౌస్ లోపల నడిచే ప్రోగ్రామ్) పక్క మెట్టుకు సర్దేస్తుంది, లేదా కౌంట్లను గుణించి నెట్టుకొస్తుంది. రెండోది జరిగితే అక్కడక్కడ కౌంట్లు ఎగిరిపోయి నెమ్మది కదలికలో గీత మెట్లు మెట్లుగా వస్తుంది.

మిగిలిన దారులు రెండు.

ఒకటి, ఆటలోనే సెన్సిటివిటీ, అంటే ఒక్కో కౌంట్‌కు చూపు ఎంత తిరగాలో చెప్పే అంకె, సర్దడం. 815ని 789తో భాగిస్తే 1.033. ఉదాహరణకి కౌంటర్‌స్ట్రైక్ అనే షూటింగ్ ఆటలో సెన్సిటివిటీ 1 దగ్గర ఒక్కో కౌంట్‌కు 0.022 డిగ్రీలు తిరుగుతుంది. సెన్సిటివిటీ 1.20 అయితే పూర్తి చుట్టు తిరగడానికి 13,636 కౌంట్లు కావాలి. పాత స్కేట్ల మీద అది 42.5 సెం.మీ. కొత్తవాటి మీద 43.9 సెం.మీ. అంటే ఒక చుట్టులో సెంటీమీటరున్నర దాకా తేడా. సెన్సిటివిటీని 1.24 చేస్తే మళ్లీ 42.5. ఇంత సులువు. అయితే ఒక్కో ఆటలో విడివిడిగా మార్చాలి, డెస్క్‌టాప్‌కి ఇది వర్తించదు.

రెండోది, పెద్ద డీపీఐకి వెళ్లి అక్కడ ఒక మెట్టు ఎక్కడం. 3200 దగ్గర 100 అంటే 3.1 శాతం. మన లోటు కూడా దాదాపు అంతే. 3300 పెట్టి, ఆటలో సెన్సిటివిటీని నాలుగో వంతు, అంటే 0.30 చేస్తే లెక్క కలుస్తుంది. డెస్క్‌టాప్ మీద మాత్రం 3300 చాలామందికి భరించలేనంత వేగం. విండోస్ స్లైడర్‌ను వెనక్కి లాగితే కౌంట్లు కత్తిరించి పంపుతుంది. అది నచ్చితే సరే, మేం తీసుకోలేదు. ఆటలో 1.24, డెస్క్‌టాప్‌లో ఉన్నదున్నట్టు. డెస్క్‌టాప్‌లో మూడు శాతం ఎవరికీ తెలియదు.

డీపీఐ ఎంత పెద్దదైతే మౌస్ అంత గొప్పది అన్నది పెట్టె మీద అచ్చేసే మాట. పెద్ద డీపీఐ వల్ల ఇక్కడ దొరికే లాభం ఒక్కటే, మెట్టు చిన్నదవుతుంది.

యాంగిల్ స్నాపింగ్ ఆఫ్‌లోనే ఉంచాం. ఇది గీతలను బలవంతంగా తిన్నగా చేస్తుంది. జారుడు పెరిగాక చేతి గీత వంకర పోతోందనిపించి కొందరు దీన్ని ఆన్ చేస్తారు. చిన్న చిన్న కోణాల్లో గురి సర్దుకోవడం దాంతో చచ్చిపోతుంది. పోలింగ్ రేటుకూ స్కేట్లకూ ఏ సంబంధమూ లేదు, దాని జోలికి పోలేదు.

రోజు 5: లిఫ్ట్ ఆఫ్ మళ్లీ

పట్టాల పరీక్షలో ఈసారి 16వ కాగితం దగ్గరే కర్సర్ ఆగింది. 1.65 మి.మీ. మొన్నటికంటే మూడు కాగితాలు తక్కువ, అంటే 0.31 మి.మీ. స్కేట్ల వల్ల పెరిగిన ఎత్తు కూడా సరిగ్గా అంతే. సెన్సార్ లెక్క మారలేదు, అది ప్యాడ్ నుంచి కన్ను దాకా ఉన్న దూరాన్నే చూస్తుంది. అందులో కొంత భాగాన్ని స్కేట్లే ముందుగా తినేశాయి. చేత్తో ఎత్తాల్సింది ఆ మేరకు తగ్గింది.

గురి ఆటలు ఆడేవారికి ఇది వరం. మౌస్‌ను ఎత్తి వెనక్కి తెచ్చేటప్పుడు కర్సర్ తక్కువ జరుగుతుంది. ఈ మౌస్‌లో 2 మి.మీ., 3 మి.మీ. అని రెండే ఎంపికలు. 2 మి.మీ. మీదే ఉంచేశాం. తోపు చివర మౌస్ కొంచెం ఒరిగినా 1.65 మి.మీ. లోపలే ఉంటుంది, ట్రాకింగ్ (సెన్సార్ కదలికను వెంబడించడం) తెగలేదు. వేగంగా అటూ ఇటూ ఇరవై సార్లు విసిరి, బయలుదేరిన చోటికే మౌస్‌ను తెచ్చి నిలిపితే కర్సర్ కూడా దాదాపు అక్కడికే వచ్చింది. ట్రాకింగ్ తెగుతుంటే ఇది ప్రతిసారీ ఒకవైపుకే జరిగిపోతుంది.

రోజు 6: రెండో మౌస్, చుక్క స్కేట్లు

ఇదే పని ఒక తేలికపాటి వైర్‌లెస్ మౌస్ మీద చేస్తే ఫలితం వేరేగా వచ్చింది. అందులో పీఏడబ్ల్యూ3395 సెన్సార్, లిఫ్ట్ ఆఫ్ 1 మి.మీ. మీద ఉంది. అసలు స్కేట్లు తీసేసి 6 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి చుక్క స్కేట్లు ఆరు అంటించాం. మందం 1.0 మి.మీ. గుంటల్లో కాకుండా చదును భాగం మీదే అంటించడంతో మందమంతా బయటే నిలిచింది.

గట్టి ప్యాడ్ మీద వేగంగా విసిరితే తోపు ఆఖర్న కర్సర్ ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతోంది. చెయ్యి చాచినప్పుడు మౌస్ ఒక అంచు మీదికి లేస్తుంది. మామూలుగా ఆ కొంచెం లేవడం లెక్కలోకి రాదు. ఇక్కడ స్కేట్లే అసలు ఎత్తు కంటే 0.6 మి.మీ. ఎక్కువ తినేశాయి, మిగిలిన సందు 0.4. అంచు అంతకంటే ఎక్కువే లేస్తోంది. లిఫ్ట్ ఆఫ్ 2 మి.మీ. చేయగానే తెగడం ఆగింది. చేతికి తెలిసే ఎత్తు దాదాపు 1.4 మి.మీ. అయింది, అది బాగానే ఉంది. సెట్టింగ్‌లో అంకె పెరిగినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. 2 అని రాసి ఉన్నా ఈ మౌస్‌లో ఎత్తాల్సింది అంత లేదు.

అదే మౌస్‌ను మెత్తటి గుడ్డ ప్యాడ్ మీద పెడితే కథ తిరగబడింది. ఆరు చుక్కల మొత్తం వైశాల్యం 170 చదరపు మి.మీ. అసలు స్కేట్లది దాదాపు 510. బరువు అదే, ఆనేది మూడో వంతు. అంటే ఒత్తిడి మూడు రెట్లు. చుక్కలు గుడ్డలో దిగబడి, ఆపడం తేలికైంది గానీ మొదలుపెట్టడం బరువైంది. ఎత్తు తగ్గింది కాబట్టి లిఫ్ట్ ఆఫ్ కూడా పెరిగింది. రెండు ప్యాడ్లు మార్చి మార్చి వాడేవారు ఒకే సెట్టింగ్‌తో నెట్టుకురావడం కష్టం. మౌస్ సొంత మెమరీలో రెండు ప్రొఫైళ్లు (విడివిడి సెట్టింగుల జాబితాలు) పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది.

చుక్కలను ఎంత బయటికి అంటిస్తే అంత మంచిది. నడుమకు చేరిస్తే మౌస్ తూగుడు బల్లలా ఊగుతుంది, మూడో రోజు చూసిన క్లిక్ జబ్బు మళ్లీ పట్టుకుంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో ప్యాడ్ కాలిబ్రేషన్ (సెన్సార్‌ను ఆ ప్యాడ్‌కు తగ్గట్టు సర్దడం) ఉన్న మౌసులకు ఒక మాట. పాత కాలిబ్రేషన్ పాత ఎత్తు నుంచి తీసిన బొమ్మలతో చేసినది. స్కేట్లు మార్చాక దాన్ని చెరిపేసి మళ్లీ చేయాలి. అంటించిన రోజే కాదు, జిగురు కుదురుకున్నాక.

రోజు 12: వారం వాడాక

మొదటి మౌస్ స్కేట్లను పీకకుండానే, కాలిపర్ లోతు పుల్లతో కొలిస్తే బయట నిలిచినది 0.48 మి.మీ. జిగురు పొర కొంచెం అణగింది, అంచులు నున్నబడ్డాయి. డీపీఐ అడ్డంగా 6224 కౌంట్లు, అంటే 790. కొలతలో వచ్చే తేడా లోపలే ఉంది. లిఫ్ట్ ఆఫ్ 16 కాగితాల దగ్గరే. సెన్సిటివిటీ 1.24 మార్చలేదు.

రింగు స్కేటు ఒక అంచు దగ్గర వెంట్రుక అంత లేచింది. అక్కడ ప్యాడ్ నూలు పోగులు చిక్కుకుని కన్ను గుంట వైపు పోతున్నాయి. బ్లోయర్‌తో ఊది, పొడి దూది పుల్లతో గుంట అంచు తుడిచి, రింగును వేలితో నొక్కి పెట్టాం. మళ్లీ లేస్తే రెండో సెట్టులోని రింగు ఉంది. అది వేసేటప్పుడు మాత్రం మందం కాలిపర్‌తో చూడాలి, ఎందుకంటే ఆ రింగు 0.80 కాక 0.74 వచ్చింది.

తర్వాతి కొలత నెల రోజులకు. అప్పుడు చూడాల్సినవి రెండే: ముందు స్కేట్లు వెనకవాటికంటే ఎంత ముందుగా అరిగాయో, అడ్డంగా కౌంట్లు 6260 దాటాయో లేదో. దాటితే సెన్సిటివిటీ 1.23.